జీపు బాడీలో తుప్పు పట్టిన బోల్టుల తొలగింపు

పాత జీపు బాడీకి బంపరు, మడ్‌గార్డు, ఫుట్‌బోర్డు, ముందు అద్దం ఫ్రేము కీళ్లు, వెనుక తలుపు గొళ్లెం వంటి విడి భాగాలను పట్టి ఉంచే బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయినప్పుడు, రేకు చిరగకుండా, బోల్టు తల తెగకుండా వాటిని బయటకు తీయడం బాడీ మరమ్మతులో మొదటి పని, తొందరపాటు వల్ల తరచుగా చెడిపోయే పని కూడా ఇదే.

ఉత్తర కోస్తాలో ఈ పనికి అవసరం ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉండగా, విజయనగరం జిల్లాలో భోగాపురం, పూసపాటిరేగ మండలాలు కడలి ఒడ్డున ఉన్నాయి. నౌపడ ఉప్పు మడుల మీదుగా వీచే గాలిలోనూ, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుపానుల జల్లుల్లోనూ ఉప్పు ఉంటుంది. సాలూరు, పార్వతీపురం, సీతంపేటల నుంచి (2022 ఏప్రిల్ 4 తరువాత ఇవి పార్వతీపురం మన్యం జిల్లాలోనివి) సంత రోజుల్లో కొండ గ్రామాలకు జనాన్ని మోసే జీపులకు ఉప్పుగాలి అంతగా సోకకపోయినా, మడ్‌గార్డు అంచుల్లో నెలల తరబడి ఆరకుండా నిలిచే బురద అదే హాని చేస్తుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడు గాలిలో తేమ తక్కువగా ఉన్నా నీటిని పీల్చుకుంటుంది కనుక, వాన లేని రోజున కూడా బోల్టు చుట్టూ కంటికి కనిపించని తడి పొర ఉంటుంది.

ఇనుము ప్రాణవాయువుతోనూ నీటితోనూ కలిసి తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. బోల్టు మరలకూ నట్టు మరలకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందును ఈ ఉబ్బిన పదార్థం పూర్తిగా నింపి, రెండింటినీ ఒకే ముద్దగా చేస్తుంది. తల మీద కనిపించే తుప్పును గీకినంత మాత్రాన బోల్టు కదలకపోవడానికి కారణం ఇదే. ఏ ఉపాయమైనా మరల దాకా చేరితేనే ఫలితం ఇస్తుంది. అల్యూమినియం ఫుట్‌బోర్డును ఇనుప బోల్టుతో బిగించిన చోట, తడి తగిలినప్పుడు రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతూ బోల్టును మరింత బిగిస్తుంది.

కొలతల గందరగోళం మరో చిక్కు. 1947లో మహీంద్రా సంస్థ మన దేశంలో బిగించడం ప్రారంభించిన విల్లీస్ జీపులు అంగుళాల కొలతలవి కాగా, తరువాతి డీజిల్ ఇంజన్లు మిల్లీమీటర్ల కొలతలతో వచ్చాయి. అందువల్ల ఒకే బండిలో రెండు రకాల బోల్టులూ కనిపిస్తాయి. 5/16 అంగుళం బోల్టు తల అడ్డుకొలత అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు; దానికి చేతికందిన 13 నంబరు పానా తొడిగితే 0.3 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. కొత్త బోల్టుకు ఆ సందు చెల్లిపోవచ్చు గానీ, తుప్పుతో అంచులు అరిగిన తల రెండు మూడు ప్రయత్నాలకే గుండ్రమైపోయి పానాకు పట్టు దొరకదు. కాబట్టి సరైన అంగుళాల పానాను, వీలైతే ఆరు మూలల సాకెట్‌ను, సంపాదించిన తరువాతే చేయి వేయాలి.

తీగ బ్రష్‌తో మరల చివర శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనెను గానీ కిరసనాయిలును గానీ పోసి ఒక రాత్రి వదిలేయాలి. నూనె కేశనాళిక గుణంతో, అంటే సన్నని సందులోకి ద్రవం తనంతట తాను పాకే గుణంతో, లోపలికి వెళ్తుంది. దీనికి కావలసింది సమయం, బలం కాదు. మరునాడు తల మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టి తుప్పు పొరను చిట్లగొట్టి, ముందు కొద్దిగా బిగించి, ఆపై వదులు చేయాలి. కదిలిన తరువాత కూడా ఏకబిగిన తిప్పక, పావు చుట్టు ముందుకు, కొంత వెనక్కు తిప్పుతూ మళ్లీ నూనె పోయాలి.

అప్పటికీ కదలకపోతే నట్టును మాత్రమే గ్యాస్ మంటతో వేడి చేస్తారు. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల భాగాల్లో సుమారు 12 భాగాలు పెరుగుతుంది కనుక, నట్టు వేడి బోల్టు కన్నా 400 డిగ్రీలు ఎక్కువైతే 8 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 0.04 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. తుప్పు పొర చిట్లడానికి తరచుగా అంత చాలు. అయితే విల్లీస్ నమూనాలో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, దాన్ని దించకుండా ఆ పరిసరాల్లో మంట పెట్టడం ప్రాణాపాయం. నూనెతో తడిసిన చోటా అంతే జాగ్రత్త అవసరం.

తల తెగిపోతే, మిగిలిన మొండెం మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఎర్రదనం తగ్గాక తిప్పడం అన్నిటికంటే మేలైన పద్ధతి, ఎందుకంటే వెల్డింగ్ వేడి కూడా మొండెం లోపలి తుప్పును సడలిస్తుంది. ఆర్క్ వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తప్పక విడదీయాలి. రేకు లోపలి వైపున వెల్డు చేసిన నట్టు ఊడి బోల్టుతో పాటు తిరుగుతుంటే, తల కోసేయడం తప్ప మార్గం లేదు. రేకును వంచి లాగడం పెద్ద తప్పు.

కొత్త బోల్టు బిగించే ముందు నట్టు మరలను మరలు కోసే ట్యాపుతో శుభ్రపరచి, మరలకు గ్రీజు పూసి, అల్యూమినియానికీ ఇనుముకూ మధ్య రబ్బరు లేదా నైలాన్ వాషర్ పెడతారు. నట్టు దాటి బయటకు పొడుచుకొచ్చిన మరలకు కూడా దట్టంగా గ్రీజు పట్టిస్తారు, తదుపరి సారి విప్పేటప్పుడు నట్టు తిరిగేది ఆ మరల మీదుగానే కనుక.