బ్రౌజర్‌లో అవాంఛిత పాప్-అప్‌లు, మాల్వేర్: తొలగింపు పద్ధతుల చరిత్ర

1. ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లా కొలిమిగుండ్లలో ఒక విద్యార్థి హాల్‌టికెట్ కోసం నెట్ సెంటర్‌కు వెళ్లాడనుకుందాం. బ్రౌజర్ తెరవగానే ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అని ఒక హెచ్చరిక, ‘మీరు బహుమతి గెలిచారు’ అని మరొకటి కనిపిస్తాయి. ఉదయం నుంచి ఆ కంప్యూటర్‌ను ఎందరో వాడారు. వారిలో ఒకరు నొక్కిన బటన్ ఫలితాన్ని తరువాత వచ్చినవారు అనుభవిస్తున్నారు. ఆధార్ సంఖ్య, బ్యాంకు వివరాలు కూడా అక్కడే టైపు చేస్తారు కనుక దీన్ని కేవలం చికాకుగా భావించరాదు. ఈ ప్రకటనలు ఎలా పుట్టాయి, వాటిని తొలగించే పద్ధతులు ఎందుకు మారుతూ వచ్చాయి అనే విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. మొదటి దశ: అడగకుండా వచ్చిన కిటికీ

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ భాషను రూపొందించాడు. దీనితో వెబ్‌పేజీ తనంతట తానే మరో కిటికీని తెరవగలిగింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది కూడా ఆ ఏడాది ఆగస్టు 15నే.

1990ల చివరలో అమెరికాలోని ట్రైపాడ్ వెబ్‌సైట్‌లో పనిచేస్తున్న ఈథన్ జుకర్‌మన్ పాప్-అప్ ప్రకటనకు కోడ్ రాశాడు. ఒక కార్ల కంపెనీ ప్రకటన అశ్లీల పేజీపై కనిపించడంతో ఆ కంపెనీ అభ్యంతరం చెప్పింది. ప్రకటనను పేజీ నుంచి వేరుచేయడానికి విడి కిటికీ మార్గమైంది. 2014లో జుకర్‌మన్ ఇందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

2000లో ఒపెరా బ్రౌజర్ పాప్-అప్‌లను అడ్డుకునే సదుపాయం కల్పించింది. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ద్వారా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కూ అది వచ్చింది. దీంతో పాత తరహా పాప్-అప్‌ల జోరు తగ్గింది.

3. రెండవ దశ: ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట వచ్చిన యాడ్‌వేర్

మొదటి దశ సాగుతుండగానే ప్రకటనకర్తలు మరో దారి కనుగొన్నారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు టూల్‌బార్లు కూడా కంప్యూటర్‌లో చేరేవి. వినియోగదారుడు చదవకుండా ‘నెక్స్ట్’ నొక్కుతూ పోతే హోమ్‌పేజీ, సెర్చ్ ఇంజిన్ మారిపోయేవి. వీటిని తొలగించడానికి యాడ్-అవేర్, స్పైబాట్, మాల్వేర్‌బైట్స్ వంటి ప్రత్యేక సాధనాలు వచ్చాయి.

2017 జూన్‌లో చెక్ పాయింట్ సంస్థ ‘ఫైర్‌బాల్’ అనే యాడ్‌వేర్ గురించి వెల్లడించింది. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లకు ఇది సోకిందని, వాటిలో సుమారు 2.53 కోట్లు భారతదేశంలోనివేనని అంచనా వేసింది. ఆ అంచనా అతిగా ఉందని మైక్రోసాఫ్ట్ వాదించింది. ఇరు సంస్థలూ భద్రతా ఉత్పత్తులు అందించేవే. అంకెను ఎవరు, ఏ పద్ధతిలో లెక్కించారో చూడకుండా చరిత్ర విద్యార్థి దాన్ని స్వీకరించరాదు.

4. మన దేశంలో చర్యలు

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో వైరస్ వంటివి ప్రవేశపెట్టినవారు నష్టపరిహారం చెల్లించాలి. 2004లో సెర్ట్-ఇన్ ఏర్పడింది. దాని ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రం ప్రారంభమై, ఉచిత తొలగింపు సాధనాలను అందుబాటులోకి తెచ్చింది. ఆ కేంద్రం ద్వారా లభించిన ‘బ్రౌజర్ జేఎస్‌గార్డ్’ ఎక్స్‌టెన్షన్‌ను హైదరాబాద్‌లోని సీ-డాక్ రూపొందించింది. వెబ్‌పేజీలోని హానికర జావాస్క్రిప్ట్‌ను గుర్తించి హెచ్చరించడం దీని పని.

5. మూడవ దశ: మనమే ఇచ్చే అనుమతి

2015లో క్రోమ్ బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు నోటిఫికేషన్లు పంపే సదుపాయం వచ్చింది. వార్తలకు, మెయిల్‌కు ఉద్దేశించిన దీన్ని మోసగాళ్లు కూడా వాడుకున్నారు. ‘వీడియో చూడాలంటే అలో నొక్కండి’ అని నమ్మించి అనుమతి పొందుతారు. ఇక్కడ కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ చేరకపోవచ్చు. అందువల్ల యాంటీవైరస్‌కు ఏమీ దొరకకపోయినా హెచ్చరికలు వస్తూనే ఉంటాయి.

కనుక నేటి తొలగింపు పద్ధతిలో మూడు దశలనూ దృష్టిలో పెట్టుకోవాలి. ముందుగా సైట్ సెట్టింగ్స్‌లో తెలియని వెబ్‌సైట్ల నోటిఫికేషన్ అనుమతి రద్దు చేయాలి. తరువాత అనుమానాస్పద ఎక్స్‌టెన్షన్లను, కంప్యూటర్‌లో అనవసరంగా చేరిన ప్రోగ్రామ్‌లను తొలగించి, యాంటీవైరస్‌తో స్కాన్ చేయాలి. అప్పటికీ సమస్య ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌ను రీసెట్ చేయాలి. క్రోమ్‌లో రీసెట్ చేసినా బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డ్‌లు పోవు. హెచ్చరికలో కనిపించే ఫోన్ నంబరుకు మాత్రం ఎన్నడూ ఫోన్ చేయకూడదు. డబ్బు పోయినట్లయితే వెంటనే 1930కు ఫిర్యాదు చేయాలి.

6. సారాంశం

పాప్-అప్ మొదట అడగకుండా వచ్చింది, తరువాత మన అజాగ్రత్తను ఆసరా చేసుకుంది, ఇప్పుడు మన చేతనే ‘అలో’ నొక్కిస్తోంది. బ్రౌజర్లు, సాధనాలు, చట్టం మొదటి రెండింటిని చాలావరకు కట్టడి చేశాయి. మూడవది వాడేవారి విచక్షణపై ఆధారపడి ఉంది. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఒకరిచ్చిన అనుమతి అందరికీ వర్తిస్తుంది. కొలిమిగుండ్ల నెట్ సెంటర్‌లో మన విద్యార్థి ‘బ్లాక్’ నొక్కితే, తన తరువాత కూర్చునే వ్యక్తికి కూడా మేలు చేసినట్లే.

7. మాదిరి ప్రశ్నలు

1. పాప్-అప్ ప్రకటన పుట్టుకకు దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. ఫైర్‌బాల్ అంచనాలపై వచ్చిన వివాదం ఆధారాల పరిశీలనకు ఎలా ఉదాహరణ అవుతుంది?
3. యాంటీవైరస్‌కు దొరకని నోటిఫికేషన్ ప్రకటనలను ఎలా తొలగించాలి?