ఇల్లు పోగొట్టుకున్న ఎర్ర రొయ్య

చిటికెన వేలి గోరుకు రెండింతలు, మహా అయితే ఇంకాస్త ఉంటుంది దాని పొడవు. ముదురు వంకాయ ఎరుపు ఒళ్లు, పక్కల మీద ముగ్గు చుక్కలు పెట్టినట్టు తెల్ల బొట్లు. ముందు కాళ్లు తెల్లగా మెరుస్తుంటాయి. ఆ తెల్ల కాళ్లతో అది రాతి మీది పాచిని క్షణం ఆగకుండా గీరి నోట్లో వేసుకుంటుంటే, చూస్తున్నవాళ్లకి కాలం తెలియదు. ఆక్వేరియం పెంపకందారులు దాన్ని కార్డినల్ రొయ్య అంటారు. శాస్త్రనామం కారిడినా డెన్నెర్లి.

దాని పుట్టిల్లు ఇండోనేషియాలో సులవేసి దీవిలోని మతానో సరస్సు. ఆ ఒక్క సరస్సే. 590 మీటర్ల లోతు, లక్షల ఏళ్ల వయసు, అద్దంలాంటి నీరు. అక్కడి నత్తలు, చేపలు, రొయ్యలు చాలావరకు ప్రపంచంలో మరెక్కడా కనబడవు. అంత లోతున్నా రొయ్యకు దక్కింది మాత్రం గట్టు వెంబడి రాళ్లున్న సన్నటి అంచే. సుమారు వంద మీటర్లు దిగితే నీళ్లలో ఆక్సిజనే ఉండదు. ఆపద వస్తే కిందికి పారిపోదామన్నా దారి లేదు.

శాస్త్రవేత్తలు పేరు పెట్టకముందే అది అంగడికెక్కింది. 2009లో క్రిస్టినా ఫాన్ రింటెలెన్, యిషియోంగ్ చాయ్ దాన్ని కొత్త జాతిగా వర్ణించేనాటికి ఐరోపా ఆక్వేరియం దుకాణాల్లో దాని కోసం జనం ఎగబడుతున్నారు. సరస్సులో అన్వేషణకు డబ్బు సాయం చేసిన జర్మన్ ఆక్వేరియం కంపెనీ పేరే దాని శాస్త్రనామంలో డెన్నెర్లి అయింది. సరస్సులో పట్టి పంపిన రొయ్యలు గాజు తొట్లలో గుట్టలుగా చచ్చిపోయాయి. మామూలు నీళ్లు వాటికి విషంతో సమానం. 28 డిగ్రీల వెచ్చదనం, ఎనిమిదికి అటూ ఇటూగా పీహెచ్, ఎరువు జాడలేని నీరు కావాలి. ఈ సంగతి తెలుసుకునేలోపు ఎన్ని ప్రాణాలు పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పెంపకందారులు తర్వాత నేర్చుకున్నారు. ఆర్వో నీళ్లలో ఖనిజ లవణాలు కలిపి, హీటరు పెట్టి, స్పాంజ్ ఫిల్టరుతో ఓపికగా సంసారం నిలబెట్టారు. తల్లి రొయ్య పొట్ట కింద మోసేది పదీ పదిహేను గుడ్లే. గుడ్డు పగిలితే డింభకం రాదు, తల్లి పోలికతోనే బుల్లి రొయ్య బయటికి వస్తుంది. ఒక్కో తల్లికి అంత కొద్ది సంతానమైతే, వేట పెరిగినప్పుడు ఆ జాతి ఎలా తట్టుకుంటుంది?

వేటగాడు కూడా ఆక్వేరియం నుంచే వచ్చాడు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. ఫ్లవర్‌హార్న్ అనే చేప ప్రకృతిలో పుట్టింది కాదు. 1990లలో మలేషియాలో, మధ్య అమెరికా చేపల్ని సంకరం చేసి తయారుచేశారు. నెత్తిన ఉండే బుడిపె అదృష్టమని నమ్మి ఇళ్లలో పెట్టుకున్నారు. మనిషి చేతి మీదుగా తప్ప అది మతానోకి చేరే మార్గమే లేదు. ఫాబియన్ హెర్డర్ బృందం 2012లో ఆ సరస్సులో దాని ఉనికిని వెల్లడించింది. తర్వాత గట్టు పొడవునా వ్యాపించింది. దాని తిండిని పరిశోధించినవాళ్లకు అక్కడి స్థానిక జీవులే కనబడ్డాయి. పిండం పెట్టినట్టు ఆ పెద్ద నోటి ముందు పెట్టారు లక్షల ఏళ్ల ఆ సంతతిని.

ఒడ్డున సొరొవాకోలో నికెల్ గనులున్నాయి. ఆ ఒత్తిడినీ లెక్కలోంచి తీసేయలేం. కానీ రాళ్ల సందుల్లో దాక్కునే ఈ చిన్న ప్రాణికి ఎదురైన కొత్త శత్రువు ఆ చేపే. ఆ తర్వాతి సర్వేల్లో కార్డినల్ రొయ్య జాడ దొరకలేదు. ప్రమాద స్థితిలోని జీవుల జాబితాలో అది అత్యంత విషమ స్థితిలో ఉంది, సరస్సులో లేనట్టేనని పరిశోధకుల భయం.

జర్మనీలో, తైవాన్‌లో, జపాన్‌లో గాజు తొట్లలో అది ఇంకా పిల్లల్ని పెడుతోంది. అభిమానించినవాళ్లే దాన్ని బతికించారు, అది నిజం. అయితే ఫ్లవర్‌హార్న్ ఉన్నంతకాలం ఆ పిల్లల్ని తీసుకెళ్లి మతానోలో విడవడమంటే వాటిని బలి ఇవ్వడమే.

మన ఊళ్లలోనూ వాస్తు కోసం ఫ్లవర్‌హార్న్ పెంచేవాళ్లు బోలెడుమంది. ఆక్వేరియం శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేప ఆంధ్ర చెరువుల్లోకి చేరి, దెయ్యం చేపగా రైతుల వలలు చింపుతోంది. పెరిగి తొట్టి పట్టని చేపని, విసుగొచ్చిన చేపని దయచేసి చెరువులోనో కాలువలోనో వదలకండి. కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చేయండి, లేదా పెంచుకునే మరొకరికి ఇవ్వండి.