సి.సి. లెక్కలు, కంపెనీల సొమ్ము: మోటారు సైకిలు పందేల కథ



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాస్తాననుకుని ఉంటారు. నేను మోటారు సైకిలు పందేల గురించి రాస్తున్నాను. నవ్వకండి. ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా క్లాస్ త్రీ, క్లాస్ ఫోర్ అనే మాటల మధ్య బతికినవాణ్ణి. తరగతులు పెట్టడం వల్ల చిన్నవాడికి మేలా, కీడా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ ప్రశ్న మొదట నన్ను పట్టుకున్నది షోలవరంలో. మద్రాసుకు ఉత్తరాన, మన రాజమండ్రి మీదుగా పోయే కలకత్తా రోడ్డు పక్కనే ఉంది ఆ ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ పందేలు జరిగేవి. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపేది.

మా చిన్నాన్న గారి అబ్బాయికి రాజమండ్రిలో చిన్న మెకానిక్ షాపు ఉండేది. పాత యెజ్డీ బండి ఒకటి కొని, రాత్రిళ్ళు కూర్చుని, సిలిండరు హెడ్డు అరగదీసి, సైలెన్సరు మార్చి, పందేనికి తయారు చేస్తున్నాడు. ఎనభైల మొదట్లో ఒకసారి, వచ్చే ఏడాది పేరు ఇచ్చే ముందు చూసి వద్దామని నన్ను వెంట తీసుకుపోయాడు. కంపెనీల జట్లకు అక్కడ డేరాలు, విడి ఇంజన్లు, నలుగురేసి మెకానిక్కులు. సాయంత్రం తిరుగు రైలెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అన్నయ్యా, మన బండి సి.సి., వాళ్ళ బండి సి.సి. ఒకటే. మరి పందెం ఒకటేనంటావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు పేరు ఇవ్వలేదు.

ఆ జవాబు కోసం తరువాత దొరికినదల్లా చదివాను.

తరగతుల నియమం పందెంతోపాటే పుట్టింది. 1907లో బ్రిటన్ దగ్గరి మాన్ దీవిలో టి.టి. పందెం మొదలైనప్పుడు రెండే తరగతులు. ఒక సిలిండరు బండి గ్యాలను పెట్రోలుకు 90 మైళ్ళు, రెండు సిలిండర్లది 75 మైళ్ళు రావాలన్నది నియమం. జనం వాడుకునే బండ్లకే పందెం పెట్టాలన్నది పెద్దల ఉద్దేశం. 1949లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ వచ్చేసరికి 125, 250, 350, 500 సి.సి. అని తరగతులు ఏర్పడ్డాయి. మన కోస్తా జిల్లాల్లో బండలాగుడు పోటీలకు ఎడ్లను పళ్ళు చూసి, పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విడదీసినట్టే. అయితే పళ్ళు లెక్కపెట్టగలం గాని, ఆ ఎడ్లకు ఎవరు ఎంత ఉలవలు పెట్టారో లెక్కపెట్టలేం గదా!

కంపెనీల సొమ్ము వచ్చినంత వేగంగానూ పోతుంది. 1957 చివర గిలేరా, మోటో గుజ్జి, మోండియల్ అనే ఇటలీ కంపెనీలు ఒకేసారి పందేలు మానుకున్నాయి. మిగిలిన ఎం.వి. అగుస్టా బండ్లమీదే 1958 నుంచి 1974 దాకా, వరుసగా 17 ఏళ్ళు, 500 సి.సి. ఛాంపియన్లందరూ గెలిచారు.

చిన్న తరగతుల్లోకి 1959లో జపాను హోండా దిగింది. 1966కల్లా 50 నుంచి 500 దాకా అయిదు తరగతుల్లోనూ తయారీదారుల టైటిలు ఆ కంపెనీదే. 125 సి.సి.లో అయిదు సిలిండర్లు, 250లో ఆరు సిలిండర్లు పెట్టారు. సుజుకీ వారు 50 సి.సి. బండికి 14 గేర్లు పెట్టారు. సి.సి. నియమం ఎక్కడా తప్పలేదు. కాని నియమం చెప్పని చోటల్లా సొమ్ము దూరింది. దాంతో 1969 నుంచి 50 సి.సి.కి ఒకటే సిలిండరనీ, ఆ తరువాత 125, 250లకు రెండే అనీ, గేర్లు ఆరు దాటరాదనీ కొత్త నియమాలు తెచ్చారు. అప్పటికే హోండా, సుజుకీ, యమహా తప్పుకున్నాయి.

మన యెజ్డీకి మూలమైన జావా కూడా ఈ కథలో ఉంది. చెకోస్లొవేకియా ప్రభుత్వ ఫ్యాక్టరీ అది. దాని బండి మీద ఫ్రాంటిషెక్ స్టాస్నీ 1961లో 350 తరగతిలో ప్రపంచంలో రెండో స్థానం తెచ్చుకున్నాడు. పెద్ద కంపెనీలను అందుకోవడానికి నాలుగు సిలిండర్ల బండి కట్టారు. 1969లో తూర్పు జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో దాని మీద సాధన చేస్తూ బిల్ ఐవీ చనిపోయాడు.

చిన్నవాడికి మంచి రోజులు సి.సి. నియమం ఒక్కదాని వల్ల రాలేదు. యమహా తన రెండు సిలిండర్ల పందెం బండ్లను కొట్లో పెట్టి, డబ్బు కట్టిన ప్రతివాడికీ అమ్మింది. అప్పుడు వచ్చాయి. 1980లో దక్షిణాఫ్రికాకు చెందిన జాన్ ఎకెరోల్డ్, ఏ కంపెనీ జట్టూ లేకుండా, యమహా ఇంజను బండితో కవాసాకీ వారి ఆంటన్ మాంగ్‌ను ఓడించి 350 ఛాంపియన్ అయ్యాడు. ఆ వార్త మావాడికి చదివి వినిపిస్తే ఆ రోజు షాపు మూసి స్వీట్లు పంచాడు. రెండేళ్ళకే, 1982 తరువాత, ఆ 350 తరగతినే ఎత్తేశారు.

ఆ తరువాతి చరిత్రా ఇదే దారి. 2002లో 500 సి.సి. టూ స్ట్రోక్ బండ్ల పక్కన 990 సి.సి. ఫోర్ స్ట్రోక్ బండ్లను అనుమతించారు. కొత్త బండి కట్టగల స్తోమత ఉన్నవారు ముందుకు పోయారు. 2010లో మోటో 2 తరగతికి మాత్రం అందరికీ ఒకే హోండా ఇంజను ఇచ్చారు. 2016లో పెద్ద తరగతికి అందరికీ ఒకే ఎలక్ట్రానిక్స్ పెట్టారు. అయినా 2022 చివర సుజుకీ మళ్ళీ తప్పుకుంది. 2027 నుంచి 850 సి.సి. అని మరో నియమం ప్రకటించారు.

ఇదంతా చూశాక నాకు తోచింది ఇది. తరగతి నియమం సొమ్మును ఆపదు, దారి మళ్ళిస్తుంది. అలాగని తరగతులే వద్దంటే చిన్నవాడు గీత దగ్గర నిలబడను కూడా లేడు. మన వేతన స్కేళ్ళ సంగతీ అంతే. ఎన్ని లోపాలున్నా స్కేలంటూ ఉండబట్టే అడగడానికి ఒక కాగితం ఉంది. కాని కాగితం మీది సమానత్వం చేతికి రావాలంటే, పనిముట్టు కూడా అందరికీ అందాలి.

2023 సెప్టెంబరులో ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో మోటో జి.పి. జరిగినప్పుడు, మావాడూ నేనూ మనవడి ఫోనులో చూశాం. పందెం అయ్యాక అడిగాను, "ఆనాడు పేరు ఇవ్వనందుకు బాధ ఉందా?" అని. వాడు కాసేపు ఆలోచించాడు.

"ఓడిపోతానని భయపడలేదు అన్నయ్యా. వాళ్ళకు దొరికే బండి నాకూ కొట్లో దొరికి ఉంటే, ఓడినా సరే, పేరు ఇచ్చేవాణ్ణి" అన్నాడు.

షోలవరం నుంచి వస్తూ రైల్లో వాడు అడిగిన ప్రశ్నకు నలభై ఏళ్ళ తరువాత వాడే జవాబు చెప్పాడు. ఆ యెజ్డీ ఇప్పటికీ వాళ్ళ వసారాలో ఉంది. కిక్కు కొడితే స్టార్టవుతుంది.