యూరోపియన్ కమ్యూనిటీలో వలసలు, సరిహద్దుల తొలగింపు, రాజకీయ చర్చ (1957–1995)

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• రోమ్ ఒడంబడిక కల్పించిన స్వేచ్ఛా సంచార హక్కు ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• ‘అతిథి కార్మిక’ విధానం ఎందుకు ప్రారంభమై ఎందుకు ముగిసిందో, దాని ఫలితాలేమిటో తెలుసుకుంటారు.
• షెంగెన్ ఒప్పందాల నేపథ్యాన్ని, వాటిపై వచ్చిన విమర్శలను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

హైదరాబాద్ నుంచి ఫ్రాన్స్ చూడటానికి వెళ్లే భారతీయ యాత్రికుడు ‘షెంగెన్ వీసా’ తీసుకుంటాడు. అదే వీసాతో జర్మనీ, ఇటలీ, స్పెయిన్ దేశాలకు కూడా వెళ్లవచ్చు. ఆ దేశాల మధ్య సాధారణంగా సరిహద్దు తనిఖీలు ఉండవు. అయితే ఆ వీసా పొందటానికి మాత్రం అతడు చాలా పత్రాలు సమర్పించాలి. లోపల తలుపులు తెరిచి, బయటి తలుపుకు గట్టి గడియ పెట్టిన ఈ ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. దాదాపు నాలుగు దశాబ్దాల బేరసారాల్లో, వాదోపవాదాల్లో అది రూపుదిద్దుకొంది. ఆ చరిత్రే ఈ పాఠానికి విషయం.

ముందుగా రెండు భావాలను వేరుచేసి చూడాలి. ఒక సభ్యదేశ పౌరుడు మరొక సభ్యదేశంలో పనిచేసి నివసించే హక్కు మొదటిది. దీనిని స్వేచ్ఛా సంచారం అంటారు. సరిహద్దు దాటేటప్పుడు తనిఖీ లేకపోవటం రెండవది. మొదటిది 1957 నాటి రోమ్ ఒడంబడిక నుంచి, రెండవది 1985 నాటి షెంగెన్ ఒప్పందం నుంచి వచ్చాయి. బ్రిటన్ మొదటి దానిలో చేరి, రెండవ దానికి దూరంగా ఉంది.

2. బొగ్గు గనుల నుంచి రోమ్ ఒడంబడిక వరకు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బెల్జియంలో బొగ్గు ఉంది, తవ్వేవారు లేరు. ఇటలీలో నిరుద్యోగులు ఉన్నారు, బొగ్గు లేదు. 1946లో ఈ రెండు దేశాలు చేసుకొన్న ఒప్పందం ప్రకారం ఇటలీ వారానికి 2,000 మంది చొప్పున 50,000 మంది కార్మికులను పంపాలి. బదులుగా బెల్జియం ఇటలీకి బొగ్గు అమ్మాలి. గనుల్లోని పని పరిస్థితులు ఎంత ప్రమాదకరమైనవో 1956 ఆగస్టు 8న మార్సినెల్ గని అగ్నిప్రమాదం లోకానికి చూపింది. చనిపోయిన 262 మందిలో 136 మంది ఇటాలియన్లే. ఆ తరువాత ఇటలీ ప్రభుత్వం బెల్జియం గనులకు కార్మికులను పంపటం ఆపివేసింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాలు ఉమ్మడి మార్కెట్ కోసం చర్చలు జరుపుతున్నాయి. వలస కార్మికుడు ఒప్పందం కింద వచ్చిన ‘సరుకు’గా కాక హక్కులున్న మనిషిగా గుర్తింపు పొందాలని ఇటలీ పట్టుబట్టింది. 1957 మార్చి 25న సంతకాలైన రోమ్ ఒడంబడికలోని 48వ అధికరణ కార్మికుల స్వేచ్ఛా సంచారాన్ని గుర్తించింది. ఉద్యోగం, వేతనం, పని పరిస్థితుల విషయంలో జాతీయత ఆధారంగా వివక్ష చూపరాదని పేర్కొంది. 1968 నాటి నిబంధనతో ఈ హక్కు పూర్తిగా అమలులోకి వచ్చింది. అయితే ఇది సభ్యదేశాల పౌరులకే పరిమితం. బయటి దేశాల నుంచి వచ్చిన కార్మికులకు ఇది వర్తించదు. తరువాతి వివాదాలకు చాలావరకు ఈ విభజనే మూలం.

3. అతిథి కార్మికులు

పశ్చిమ జర్మనీ పరిశ్రమలకు ఇటలీ కార్మికులు మాత్రమే సరిపోలేదు. 1955లో ఇటలీతో మొదలైన నియామక ఒప్పందాలు 1960లో స్పెయిన్, గ్రీస్‌లకు, 1961లో టర్కీకి, 1963లో మొరాకోకు, 1964లో పోర్చుగల్‌కు, 1965లో ట్యునీషియాకు, 1968లో యుగోస్లావియాకు విస్తరించాయి. వచ్చినవారిని ‘అతిథి కార్మికులు’ అన్నారు. కొంతకాలం పనిచేసి తిరిగి వెళ్లిపోతారని అందరి అంచనా. టర్కీతో చేసుకొన్న ఒప్పందంలో మొదట రెండేళ్ల గడువు కూడా ఉంది. పని నేర్చుకొన్న కార్మికుడిని పంపించి ప్రతిసారీ కొత్తవారికి నేర్పటం యజమానులకు నష్టం. అందువల్ల 1964లో ఆ గడువును తొలగించారు. 1973 నాటికి పశ్చిమ జర్మనీలో విదేశీ కార్మికుల సంఖ్య దాదాపు 26 లక్షలకు చేరింది.

1973 చమురు సంక్షోభం ఈ దశను ముగించింది. ఆ ఏడాది నవంబరులో పశ్చిమ జర్మనీ కొత్త నియామకాలను నిలిపివేసింది. 1974లో ఫ్రాన్స్ కూడా అదే బాట పట్టింది. తలుపు మూస్తే విదేశీయుల సంఖ్య తగ్గుతుందని ప్రభుత్వాలు భావించాయి. కాని పశ్చిమ జర్మనీలో 1973లో దాదాపు 40 లక్షలున్న విదేశీ జనాభా 1980 నాటికి దాదాపు 45 లక్షలకు పెరిగింది.

దీనికి కారణాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. ఇటలీ కార్మికుడు కమ్యూనిటీ పౌరుడు. పని లేనప్పుడు స్వగ్రామానికి వెళ్లి, పని దొరికినప్పుడు తిరిగి రాగలడు. టర్కీ కార్మికుడికి ఆ వీలు లేదు. ఒకసారి వెళ్లిపోతే మళ్లీ రానిస్తారన్న నమ్మకం లేదు. అందువల్ల చాలామంది ఉన్నచోటే ఉండి భార్యాపిల్లలను రప్పించుకొన్నారు. తెరిచిన సరిహద్దు రాకపోకలకు వీలు కల్పిస్తే, మూసిన సరిహద్దు స్థిరనివాసానికి దారితీసింది. తాత్కాలిక వలస అనుకొన్నది శాశ్వత సమాజంగా మారింది. ఆ సమాజానికి పౌరసత్వం, భాష, విద్య వంటి విషయాల్లో ఏ స్థానం ఇవ్వాలన్న ప్రశ్నను ప్రభుత్వాలు చాలాకాలం పక్కన పెట్టాయి.

4. షెంగెన్ ఒప్పందాలు

1984 ఫిబ్రవరిలో ఫ్రాన్స్, ఇటలీ కస్టమ్స్ సిబ్బంది ఆందోళనల వల్ల ఆల్ప్స్ సరిహద్దుల్లో లారీలు రోజుల తరబడి నిలిచిపోయాయి. విసిగిన లారీ డ్రైవర్లు రహదారులను దిగ్బంధించారు. ఉమ్మడి మార్కెట్ కాగితాల మీదే ఉందన్న విమర్శ బలపడింది. అదే ఏడాది జులైలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ తమ మధ్య తనిఖీలను సడలించే ఒప్పందాన్ని సార్‌బ్రూకెన్‌లో చేసుకొన్నాయి. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ వారితో కలిశాయి. 1985 జూన్ 14న మోజెల్ నది మీద, లక్సెంబర్గ్‌లోని షెంగెన్ గ్రామం వద్ద లంగరు వేసిన ఓడలో ఐదు దేశాల ప్రతినిధులు సంతకాలు చేశారు. ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ సరిహద్దులు కలిసేది అక్కడే.

ఈ ఒప్పందాన్ని అమలు చేయటానికి 1990 జూన్ 19న మరొక ఒప్పందం కుదిరింది. నిజానికి అది 1989 చివరిలోనే కుదరవలసింది. బెర్లిన్ గోడ కూలటంతో తూర్పు జర్మనీ పౌరుల స్థితి ఏమిటన్న ప్రశ్న తలెత్తి వాయిదా పడింది. ఈ రెండవ ఒప్పందంలో 142 అధికరణలున్నాయి. అంతర్గత సరిహద్దును ఎక్కడైనా తనిఖీ లేకుండా దాటవచ్చని చెప్పేది 2వ అధికరణ. మిగిలిన వాటిలో అధికభాగం బాహ్య సరిహద్దు కాపలా, ఉమ్మడి వీసా, ఆశ్రయ దరఖాస్తులు, పోలీసు సహకారం, ఉమ్మడి కంప్యూటర్ సమాచార వ్యవస్థలకు సంబంధించినవి. సరిహద్దును తెరవటానికి చెల్లించిన మూల్యం ఏమిటో ఈ అమరికే చెబుతుంది. 1990 జూన్‌లోనే సంతకాలైన డబ్లిన్ ఒప్పందం, శరణార్థి దరఖాస్తును పరిశీలించే బాధ్యత ఏ దేశానిదో నిర్ణయించే నియమాలను రూపొందించింది.

5. రాజకీయ చర్చ

ఈ పరిణామాలపై చర్చ మూడు దిశల్లో సాగింది.

(అ) సార్వభౌమాధికారం: 1986 నాటి ఏక ఐరోపా చట్టం, 1992 చివరికి అంతర్గత సరిహద్దులు లేని ప్రాంతాన్ని ఏర్పరచాలని నిర్దేశించింది. బయటి దేశాల వారిని తనిఖీ చేసే అధికారాన్ని ఇది తొలగించదని బ్రిటన్ వాదించింది. నేరస్థులు, మాదకద్రవ్యాలు, అక్రమ వలసల నుంచి రక్షణ కావాలంటే సరిహద్దు తనిఖీలను పూర్తిగా రద్దు చేయలేమని 1988లో బ్రూజ్ ప్రసంగంలో ప్రధాని మార్గరెట్ థాచర్ స్పష్టం చేశారు.

(ఆ) ప్రజాస్వామిక జవాబుదారీతనం: షెంగెన్ నియమాలను కమ్యూనిటీ వ్యవస్థల వెలుపల మంత్రులు, అధికారులు రూపొందించారు. యూరోపియన్ పార్లమెంటుకు అందులో పాత్ర లేదు. 1991లో నెదర్లాండ్స్ రాజ్య మండలి ఈ ఒప్పందానికి ప్రతికూలంగా సలహా ఇచ్చింది. అదే ఏడాది ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి మాత్రం అది రాజ్యాంగానికి విరుద్ధం కాదని తేల్చింది.

(ఇ) వలస వ్యతిరేక రాజకీయాలు: 1984 యూరోపియన్ ఎన్నికల్లో ఫ్రాన్స్‌కు చెందిన నేషనల్ ఫ్రంట్ దాదాపు 11 శాతం ఓట్లు, 10 స్థానాలు పొందింది. 1989లో పశ్చిమ జర్మనీలో రిపబ్లికన్ పార్టీ 7 శాతం ఓట్లు సాధించింది. 1992లో జర్మనీకి దాదాపు 4,38,000 ఆశ్రయ దరఖాస్తులు వచ్చాయి. యుగోస్లావియా యుద్ధం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఆ ఆగస్టులో రోస్టాక్‌లో ఆశ్రయార్థుల వసతిగృహంపైనా, వియత్నాం కార్మికుల నివాసంపైనా గుంపులు దాడి చేశాయి. నాజీ కాలపు అనుభవంతో రాజ్యాంగంలో చేర్చిన ఆశ్రయ హక్కును కుదిస్తూ 1993 మే 26న పార్లమెంటు మూడింట రెండు వంతుల ఆధిక్యంతో సవరణ చేసింది. ‘సురక్షిత’ పొరుగు దేశం మీదుగా వచ్చినవారికి ఆ హక్కు లేకుండా పోయింది. మూడు రోజుల తరువాత జోలింగెన్ పట్టణంలో దుండగులు పెట్టిన నిప్పుకు టర్కీ కుటుంబానికి చెందిన ఐదుగురు స్త్రీలు, బాలికలు బలయ్యారు. చట్టాన్ని కఠినం చేస్తే ద్వేషం చల్లారుతుందన్న వాదన ఎంత బలహీనమైనదో ఈ ఘటన చూపింది. ఆ కుటుంబం ఆశ్రయం కోరి వచ్చినది కాదు, చాలాకాలంగా జర్మనీలో స్థిరపడినది.

6. అమలు, తదనంతర పరిణామాలు

1995 మార్చి 26న ఏడు దేశాల మధ్య తనిఖీలు తొలగిపోయాయి. మొదటి ఐదింటితో పాటు స్పెయిన్, పోర్చుగల్ ఇందులో ఉన్నాయి. నెదర్లాండ్స్ మాదకద్రవ్యాల విధానాన్ని కారణంగా చూపి ఫ్రాన్స్ కొంతకాలం ఉత్తర సరిహద్దుల్లో తనిఖీలు కొనసాగించింది. 1999లో అమలులోకి వచ్చిన ఆమ్‌స్టర్‌డామ్ ఒడంబడిక షెంగెన్ నియమాలను యూరోపియన్ యూనియన్ చట్టంలో చేర్చింది. బ్రిటన్, ఐర్లాండ్ మినహాయింపు పొందాయి. అయినా 2016 బ్రిటన్ ప్రజాభిప్రాయ సేకరణలో వలస ప్రధానాంశమైంది. అక్కడి వివాదం చాలావరకు స్వేచ్ఛా సంచార హక్కు గురించే తప్ప షెంగెన్ గురించి కాదు. పరిచయంలో చెప్పిన తేడా ఎందుకు ముఖ్యమో దీనితో బోధపడుతుంది.

7. సారాంశం

కార్మికుల అవసరం స్వేచ్ఛా సంచారానికి, వాణిజ్య అవసరం తనిఖీల తొలగింపునకు బాటలు వేశాయి. రెండు సందర్భాల్లోనూ కమ్యూనిటీ లోపలివారికి, బయటివారికి మధ్య గీత మరింత స్పష్టమైంది. నియామకాల నిలిపివేత వలసను ఆపలేదు, దాని రూపాన్ని మార్చింది. సరిహద్దులను తెరవాలా, మూయాలా అన్న ప్రశ్నతో పాటు ఎవరికి, ఎవరి నిర్ణయంతో అన్న ప్రశ్నలను కూడా అడిగినప్పుడే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

8. మాదిరి ప్రశ్నలు

I. పది పంక్తుల్లో సమాధానం రాయండి.
1. రోమ్ ఒడంబడికలోని 48వ అధికరణ ప్రాముఖ్యం ఏమిటి?
2. స్వేచ్ఛా సంచారానికి, తనిఖీల తొలగింపునకు గల తేడాను తెలపండి.

II. ముప్పై పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 1973 తరువాత పశ్చిమ జర్మనీలో విదేశీ జనాభా ఎందుకు తగ్గలేదో విశ్లేషించండి.
2. షెంగెన్ ఒప్పందాలపై వచ్చిన విమర్శలను పరిశీలించండి.