మన ఇంటి కాఫీ పాకం – దాని పుట్టుపూర్వోత్తరాలు

ఈ ఉత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని కార్యవర్గం వారు మమ్ములను కోరారు. ఇటువంటి సంచికలలో సాధారణంగా ఓడల పేర్లు, గుడుల పేర్లు, పాఠశాలలు పెట్టిన పెద్దల పేర్లు వస్తాయి. అవి రావలసినవే. మేము మాత్రం ఈసారి ఒక సీసాను గురించి వ్రాస్తున్నాము. అందులో ఉండేది కాఫీ పాకం. నల్లగా, చిక్కగా, తేనెలాగా జారుతుంది. చల్లని పాలలో రెండు చెంచాలు వేసి కలిపితే పాలు తడిసిన మట్టి రంగుకు తిరుగుతాయి. మా చిన్నతనంలో సాయంకాలపు తెలుగు తరగతి విడిచిన తరువాత మా అవ్వ ఇచ్చే గ్లాసు అదే. గుణింతాలు తప్పు చెప్పిన రోజున కూడా ఆ గ్లాసు తప్పేది కాదు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. డర్బన్‌లో సాయంకాలపు తరగతి మేము నడుపుతున్న ఇన్నేండ్లూ పిల్లలకు ఈ పాకాన్ని గురించి ఒకటే కథ చెప్పాము. అది అవ్వ స్వదేశం నుండి తెచ్చిన విద్య అని, చిత్తూరు సీమలో తరతరాలుగా చేసేవారని చెప్పాము. పిల్లలు విన్నారు. నోటు పుస్తకాలలో వ్రాసుకున్నారు. రెండేండ్ల క్రితం ఒక పిల్ల చేయి ఎత్తి, “మాస్టారూ, మీ అవ్వ ఊళ్ళో కాఫీ తోటలు ఉండేవా?” అని అడిగింది. మాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే మా కథలో నిలిచే ముక్క ఒక్కటీ కనిపించలేదు.

చూడండి. మా అవ్వ పెద్దలది ఆనాటి ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ భాగం అందులో చేరింది. ఆ సంవత్సరంలోనే నేటాల్‌కు ఒప్పంద కూలీల ఓడలు ఆగిపోయాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ డర్బన్‌కు చేరిన నాటి నుండి లెక్క వేస్తే, ఆ యాభై ఏండ్లలో లక్షన్నరకు పైగా మనుషులు ఇక్కడ దిగారు. మా అవ్వ చివరి ఓడలలో ఒకదానిలో తల్లి కొంగు పట్టుకొని దిగింది. అప్పటికి ఆమెకు పాలపళ్ళు కూడా ఊడలేదు. పాలపళ్ళ పిల్ల పాకం పట్టే విద్యను మూట కట్టుకొని తెచ్చిందని మేము ఎలా నమ్మామో ఇప్పుడు మాకే నవ్వు వస్తుంది.

పోనీ, ఆమె తల్లి తెచ్చిందా? ఆ కాలంలో ఆ సీమలో కూలి చేసుకునే ఇంట పొద్దున్నే తాగేది రాగి అంబలి. కాఫీ అప్పటికి పట్టణాలలోని ఉద్యోగుల ఇండ్లలో, కలిగినవారి ఇండ్లలో మాత్రమే అలవాటు అవుతూ ఉన్నది. ఒప్పందపు కాగితం చూసినా కాఫీ కనిపించదు. తోటదారుడు ఇవ్వవలసిన భత్యం బియ్యం, పప్పు, ఉప్పు, నూనె లేక నెయ్యి, ఎండుచేప. జీతం మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు. అందులో కాఫీ పొడి ఎక్కడ? ఒప్పందం తీరిన తరువాత కూడా, 1895 చట్టం ప్రకారం, తిరిగి పోకుండా ఇక్కడే నిలిచినవారిపై ఏడాదికి మూడు పౌనుల పన్ను పడింది. 1914లో గాని అది తొలగలేదు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. మన పెద్దలకు కాఫీ తాగడం తెలియకపోయినా కాఫీ చెట్టు మాత్రం బాగా తెలుసు. నేటాల్ తీరంలో చెరకుతో పాటు కాఫీ తోటలు కూడా 1850ల నుండి వేశారు. తొలి ఓడలలో వచ్చినవారిలో కొందరు ఆ తోటలలో కలుపు తీశారు, పండ్లు కోశారు. కాండం తొలిచే పురుగు, ఆకు తెగులు రెండూ పడి ఆ తోటలు నిలువలేదు. 1877లో కియర్స్‌నీలో హ్యూలెట్ దొర తేయాకు నాటించినది కాఫీ దెబ్బతిన్నందువల్లనే. ఆ తేయాకు కోసిన చేతులూ మనవారివే. చివరకు ఆ తీరమంతటా మిగిలినది చెరకు. మా అవ్వ పెరిగి పెద్దదయ్యే నాటికి నేటాల్‌లో కాఫీ చెట్టు చూసినవారే అరుదు. కాబట్టి ఆ దారి కూడా మూసుకున్నది.

ఇక అడగవలసిన మనిషి ఒక్కరే మిగిలారు. మా నాయనకు అక్క, మాకు పెద్దత్త. తొంభై దాటిన మనిషి. చాట్స్‌వర్త్‌లో కొడుకు ఇంట ఉంటున్నది. మా కథంతా విని ఆమె, “ఎవరు చెప్పినారురా నీకు?” అన్నది. “అది మీ తాత హోటలు నుంచి తెచ్చినాడు. ఉత్త సీసా తెచ్చినాడు. అడుగున కొంచెం ఉండింది. అమ్మ నాకి చూసింది.”

చరిత్ర ఈ మాట దగ్గర మొదలవుతుంది.

డర్బన్ సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద హోటళ్ళలో వడ్డన పనికి భారతీయులను పెట్టుకోవడం ఆనవాయితీ. తెల్లని దుస్తులు, నడుముకు రంగు పట్టీ, తలకు పెద్ద పాగా. మా తాత అటువంటి ఒక హోటలులో పని చేశారు. తోట పనికంటే అది మేలని ఆయన అనుకున్నారు. ఆ హోటలు వంటింట్లో కాఫీ ఎసెన్స్ సీసాలు ఖర్చయ్యేవి. ‘క్యాంప్ కాఫీ’ అని పేరు. గ్లాస్‌గో పట్టణంలో పేటర్సన్ వారు 1876లో మొదలు పెట్టిన సరుకు. ఇండియాలో దండు వెంట తిరిగే గోర్డన్ హైలాండర్స్ అనే స్కాటిష్ పటాలం వారు, డేరాలో తొందరగా కలుపుకొనే కాఫీ కావాలని కోరగా తయారు చేశారని ఒక వాడుక. పేరులోని ‘క్యాంప్’ ఆ డేరాయే. వేడి నీళ్ళు గాని పాలు గాని ఉంటే చాలు, గింజలు వేయించే పని లేదు, విసిరే పని లేదు.

ఇంతకూ అందులో కాఫీ ఎంత? చాలా తక్కువ. ఇటీవలి సీసాల మీద నూటికి నాలుగు పాళ్ళు అని వేశారు. చికరీ దానికి ఆరింతలకు పైగా ఉంటుంది. మిగిలినది పంచదార, నీళ్ళు. చికరీ అంటే ఒక మొక్క వేరు. దానిని కోసి, ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. కాఫీలాగా చేదు, రంగు ఇస్తుంది గాని నిద్ర చెడగొట్టే సారం అందులో లేదు. నెపోలియన్ 1806లో ఇంగ్లీషు సరుకులకు ఐరోపా రేవులు మూయించినప్పుడు కాఫీ కరువై, ఫ్రాన్సులో ఈ వేరుకు గిరాకీ పెరిగింది. మన దక్షిణాఫ్రికాలోనే తూర్పు కేప్‌లోని అలెగ్జాండ్రియా చుట్టుపక్కల చికరీ పండిస్తారు. కాబట్టి కాఫీ, చికరీ కలిపిన పొట్లం డర్బన్ అంగళ్ళలో సులభంగా దొరికేది. పంచదార సంగతి చెప్పనే అక్కరలేదు.

మా అవ్వ చేసినది ఇదే. సీసా కొనే స్తోమత లేదు. రుచి తెలిసింది. పదార్థాలు అంగట్లో ఉన్నాయి. పాకం పట్టడం మన ఆడవారికి ఒకరు నేర్పాలా? అరిసెలకు పట్టినట్టే.

పెద్దత్త చెప్పిన విధం ఇక్కడ వ్రాస్తున్నాము, మళ్ళీ పోకుండా. నాలుగు గ్లాసుల నీళ్ళు మరగనిచ్చి, దించి, అందులో ఒక గ్లాసు నిండా కాఫీ, చికరీ కలిపిన పొడి వేసి మూత పెట్టాలి. అరగంట తరువాత పలుచని బట్టలో వడగట్టాలి. బట్టను పిండరాదు, పిండితే మడ్డి దిగుతుంది. వడగట్టిన డికాషన్ మూడు గ్లాసులు ఉంటుంది. దానికి ఆరు గ్లాసుల పంచదార. అందులో ఒక గ్లాసు పంచదారను విడిగా తీసి, మందపాటి మూకుడులో నీళ్ళు పోయకుండా సన్నని సెగ మీద కరిగించాలి. మొదట బంగారు రంగు వస్తుంది. అక్కడ ఆగరాదు. ఎర్రబడి, నల్లబడి, పొగ లేవబోయే సమయంలో వేడి డికాషన్ కొంచెం కొంచెంగా పోయాలి. అప్పుడు అది బుస్సున పైకి లేస్తుంది. పిల్లలు దూరంగా ఉండాలి. మా నాయన చేతి మీద ఒక మచ్చ ఉండేది, దాని కారణం ఇదేనని ఇప్పుడే తెలిసింది. తరువాత మిగిలిన పంచదార వేసి, కరిగినాక గరిటెకు పలుచగా అంటుకునేదాకా మరిగించి, చల్లార్చి, ఉడకబెట్టి ఆరబెట్టిన సీసాలో పోయాలి.

ఒక గ్లాసు పంచదార మాడ్చడమే ఇందులోని కిటుకు. మాడిన పంచదారకు తీపి తగ్గి చేదు వస్తుంది, నలుపు వస్తుంది. కాఫీ తక్కువ వేసినా కాఫీ ఎక్కువ ఉన్నట్టు నాలుకకు తోస్తుంది. గ్లాస్‌గో వారి కాలంలో ఎసెన్సులు చేసేవారు కూడా రంగు కోసం మాడిన పంచదారనే వాడేవారు. అవ్వకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకి చూసి పట్టుకున్నది. మిగిలిన పంచదారకు వేరే పని. నీటికంటే పంచదార బరువులో రెట్టింపు దాకా ఉంటే బూజు గాని సూక్ష్మజీవులు గాని అందులో పెరగలేవు. ఫ్రిజ్ లేని తగరపు ఇంట్లో, డర్బన్ వేసవి ఉక్కలో, ఆ సీసా నెలల తరబడి చెడకుండా నిలిచినది అందువల్లనే. పాలు మాత్రం ఏ పూటవి ఆ పూటనే.

అమెరికాలో రోడ్ ఐలండ్ అని ఒక చిన్న రాష్ట్రం ఉంది. అక్కడివారు కూడా కాఫీ పాకాన్ని చల్లని పాలలో కలుపుకొని తాగుతారు. 1993లో దానిని తమ రాష్ట్ర పానీయంగా చట్టం చేసుకున్నారు. ఇటలీ నుండి వలస వచ్చినవారి అలవాటు నుండి అది వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. వారి అవ్వలకూ మా అవ్వకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మా ఇండ్లలో పాకం పట్టడం ఎందుకు ఆగింది? 1952లో రికాఫీ డబ్బా వచ్చింది. అది కూడా కాఫీ, చికరీ కలిపినదే, పొడి రూపంలో. చెంచాడు వేస్తే చాలు. తరువాత నివాస ప్రాంతాల చట్టం కింద మా పెద్దలను ఉన్న చోటి నుండి లేపి చాట్స్‌వర్త్‌కు తోలారు. ఆవు పోయింది, పెరడు పోయింది. పాలు సీసాలో కొనవలసి వచ్చింది. అవ్వ ఉన్నన్నాళ్ళు పాకం పట్టింది. తరువాత ఎవరూ పట్టలేదు.

ఇక చెప్పవలసినది ఒక్కటి మిగిలింది, దానిని వ్రాయాలా వద్దా అని చాలా తటపటాయించాము.

క్యాంప్ కాఫీ సీసా మీద ఒక బొమ్మ ఉంటుంది. డేరా ముందు స్కాటిష్ దొర కూర్చొని కప్పు పట్టుకొని ఉంటాడు. పాత బొమ్మలో అతని పక్కన పాగా చుట్టిన సిక్కు సేవకుడు పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంటాడు. పళ్ళెంలో అదే సీసా. తరువాతి కాలంలో పళ్ళెం తీసివేశారు, మనిషిని నిలబెట్టే ఉంచారు. 2006 ప్రాంతంలో మళ్ళీ మార్చి, అతనిని కూడా దొర పక్కన కూర్చోబెట్టి చేతికి ఒక కప్పు ఇచ్చారు. బ్రిటన్‌లోని మనవారు ఆక్షేపించిన తరువాత గాని ఇది జరగలేదు.

మా ఇంట్లోని సీసాల మీద బొమ్మ ఎప్పుడూ లేదు. అన్నీ ఉత్త గాజు. కాగితం ఉంటే బూజు పడుతుందని అవ్వ చెప్పేది, మేము నమ్మాము. పెద్దత్త చెప్పినది వేరు. సీసా తెచ్చిన రాత్రి తాత దానిని వేడి నీళ్ళలో నానబెట్టి, కాగితాన్ని గోటితో గీకి తీసేవారట. ఒక్క ముక్క మిగలకుండా తీసేవారట. పిల్లలు బొమ్మ కావాలని ఏడ్చినా ఇచ్చేవారు కారు. ఒకసారి అవ్వ అడిగితే, “పగలంతా ఆ వేషమే గదా, ఇంటికి గూడా ఎందుకు?” అన్నారట. ఆయన సిక్కువాడు కాదు. ఆ పాగా చుట్టడం ఆయన పుట్టిన ఊరిలో ఎవరికీ తెలియదు. హోటలువారు కట్టమన్నారు, కట్టారు.

ఈ సంగతి తెలిసిన తరువాత తరగతిలో మా పాత కథను దిద్దుకున్నాము. ఆ పిల్లను పిలిచి, నీవు అడిగినది సరైన ప్రశ్న అని అందరి ముందు చెప్పాము. లండన్ నుండి వచ్చిన బంధువు ఒకరు కొత్త సీసా తెచ్చి ఇస్తే దానిని బల్ల మీద పెట్టాము. పక్కన అవ్వ సీసా ఒకటి. పిల్లలు కొత్త సీసా మీది ఇద్దరినీ చాలాసేపు చూశారు. “మాస్టారూ, ఇందులో మీ తాత ఎవరు?” అని ఒక చిన్నవాడు అడిగాడు. ఆయన ఈ రెండో సీసాలో ఉన్నాడని, ఉత్త గాజును చూపించాము. వాడికి అర్థం కాలేదు. కొంచెం పెద్దవారికి అర్థమైనట్టే ఉంది.

ఆ శనివారం నాడే పిల్లలందరి చేత పాకం పట్టించి, పాలలో కలిపి తాగించాము. ఒక చిన్న సీసా పెద్దత్తకు పంపాము. ఆమె చెంచాతో నాకి చూసి, “చికరీ చాలలేదు. చక్కెర ఇంకా మాడాల. భయపడి ముందే దించినారు” అని చెప్పి పంపింది. వచ్చే నెల మళ్ళీ పట్టాలి.