గోడ మీది ఫోన్ నంబరు

మన ఊళ్ళల్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. ఇక్కడ అమెరికాలో అలా కాదు. ఒకరు పక్కనుండి చూసుకోవలసిన పెద్దవాళ్ళు నెలలూ, ఏళ్ళూ ఉండే చోటు. మా పెద్దమ్మ తుంటి ఎముక విరిగాక కొన్నాళ్ళు అలాంటి చోటే ఉంది. ఒక శనివారం వెళ్తే రెండు మణికట్ల మీదా కమిలిన గుర్తులు. "గాజులు ఒత్తుకున్నాయిలేరా" అంది. ఆ గాజులు ఆపరేషన్ ముందే తీసేశారు, మా ఇంట్లో ఉన్నాయి. ఇంతలో నర్సమ్మ లోపలికి రాగానే పెద్దమ్మ మాట ఆపేసింది.

బయటికి వస్తుంటే గోడ మీద అంబుడ్స్‌మన్ ఫోన్ నంబరు కనిపించింది. అది అక్కడికి ఎలా వచ్చిందో ఆ రాత్రి కూర్చుని చదివాను.

1963 నవంబర్ 23న, కెన్నెడీ హత్య జరిగిన మర్నాడు, ఒహాయోలోని ఫిచ్‌విల్‌లో ఒక నర్సింగ్ హోమ్ తగలబడి 63 మంది చనిపోయారు. దేశమంతా డల్లాస్ వైపు చూస్తోంది, ఇది ఎవరికి పట్టింది? 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాయి. ప్రభుత్వం డబ్బు ఇస్తుందనేసరికి ఈ హోములు చకచకా పెరిగాయి, తనిఖీలు అంత వేగంగా పెరగలేదు. 1970లో డేవిడ్ ప్రయర్ అనే ఆర్కన్సా కాంగ్రెస్ సభ్యుడు, తానెవరో చెప్పకుండా వారాంతాల్లో హోముల్లో వాలంటీరుగా పనిచేసి, చూసిందంతా సభలో చెప్పాడు. కమిటీ వెయ్యమంటే వెయ్యలేదు. ఆయన ఒక గ్యాస్ స్టేషన్ స్థలంలో ట్రైలర్లు పెట్టి అక్కడే ఆఫీసు తెరిచాడు! నాకు ఈ కథలో బాగా నచ్చిన మనిషి ఆయనే.

1972లో కొన్ని రాష్ట్రాల్లో అంబుడ్స్‌మన్ పద్ధతి ప్రయోగంగా మొదలైంది. 1978 చట్టంతో ప్రతి రాష్ట్రానికీ తప్పనిసరి అయింది. 1987లో రీగన్ సంతకం చేసిన చట్టం ఇంకా ముఖ్యం. అప్పటిదాకా "పడిపోతారని కట్టాం" అనేది మామూలు జవాబు. సిబ్బంది సౌకర్యం కోసమో, క్రమశిక్షణ కోసమో మనిషిని కట్టెయ్యకూడదనీ, మందులతో మత్తులో పెట్టకూడదనీ ఆ చట్టం చెప్పింది. పెద్దవాళ్ళు ఒప్పుకుంటే ఇంట్లోవాళ్ళు ఎప్పుడైనా వెళ్ళి చూడవచ్చు. మేమేమో ఎప్పుడూ శనివారం మధ్యాహ్నమే వెళ్ళేవాళ్ళం. మా టైము వాళ్ళకి బాగా తెలుసు.

సోమవారం ఫోన్ చేశాను. వచ్చినావిడ నన్ను బయట కూర్చోమని, ఫోన్‌లో తెలుగు దుబాసీని పెట్టుకుని పెద్దమ్మతో మాట్లాడింది. ఆవిడ ఒప్పుకుంటేనే ఫిర్యాదు ముందుకు తీసుకెళ్తానంది. రాత్రుళ్ళు బాత్‌రూమ్‌కి లేస్తోందని చేతులు మంచానికి కట్టారట. "నీకు చెబితే ఉద్యోగం మానుకుని వచ్చి కూర్చుంటావని చెప్పలేదు నాన్నా" అంది నాతో.

కట్టడం ఆ వారమే ఆగింది. పెద్దమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆ నంబరు రాసిన చీటీ ఇంకా ఆవిడ కళ్ళజోడు పెట్టెలోనే ఉంది.