మూడో రోజూ ఉండిపోతే

సుమ్మాదేవిలో ఉండే మా పెద్దమ్మకి ఉద్దానం కిడ్నీ జబ్బు. ఆ మధ్య ఊళ్లో స్వస్థత సభ పెట్టిన బోధకుడు, విశ్వాసం ఉంటే డయాలసిస్ ఎందుకన్నాడు. కానుక పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆమె రెండుసార్లు మానేసింది. ఆయాసం వచ్చి ఆసుపత్రికి మోసుకెళ్లాం.

దొంగ బోధకుణ్ణి గుర్తుపట్టేదెలా? ఈ ప్రశ్న క్రైస్తవం అంత పాతది. తొలి సంఘాల నియమాలున్న 'డిడాఖే' సుమారు 1900 ఏళ్ల నాటి గ్రీకు పుస్తకం. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రియెన్నియోస్ అనే మతాధికారికి దొరికింది, 1883లో అచ్చయింది.

అందులోని పరీక్షలు చాలా మామూలువి. ఊరూరా తిరిగే బోధకుడు ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండు. మూడో రోజూ ఉండిపోతే అబద్ధ ప్రవక్త. దారికి రొట్టె ఇవ్వొచ్చు, తనకని డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. చెప్పింది చేయనివాడూ అంతే. లేనివాళ్ల కోసం అడిగితే మాత్రం తప్పుపట్టకూడదు.

ఆ పరీక్షల్లో అద్భుతాల ఊసే లేదు. నడవడికనే చూడమంది. అవి రాసినవాళ్లు విశ్వాసులే. మోసగాళ్ల వల్ల నిజమైన అతిథికి తలుపు మూసుకుపోకూడదని వాళ్ల బాధ అనుకుంటాను.

పెద్దమ్మ ఇప్పటికీ ఆదివారం గుడికెళ్తుంది, డయాలసిస్‌కీ వెళ్తుంది. ఇదంతా చెప్తే విని, "మందు మాన్పించినోడి గురించి లేదా బాబూ?" అంది.

లేదన్నాను.

"ఐతే అది మనమే కలుపుకోవాల."